డబ్బా విప్పి చూద్దాం: టిక్కు టిక్కుమంటే డ్రైవ్ పోయినట్టేనా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల గురించే. చదివి పక్కన పెట్టి ఆలోచిస్తే వాటిలో డిస్క్ తప్పు ఉన్నది ఒకటో రెండో. మిగతావన్నీ కరెంటు సంగతులే. అందుకని ఈసారి వేరే ప్రశ్నలేవీ ముట్టుకోకుండా వీటికే జవాబులు రాస్తున్నాను. ప్రింటర్ల వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

కొత్త పాఠకుల కోసం నా సంగతి రెండు ముక్కల్లో. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక చిన్న బల్ల వేసుకుని 18 ఏళ్లు కంప్యూటర్లు బాగు చేశాను. ఇప్పుడు తెనాలిలో ఇంటి వసారాలో అదే పని తీరిగ్గా చేస్తున్నాను. బల్ల మాత్రం అదే.

ప్రశ్న: నా దగ్గర జేబులో పట్టేంత 1 టీబీ హార్డ్ డిస్క్ ఉంది. మా బడి వార్షికోత్సవాల ఫొటోలు, నేను పోగు చేసుకున్న హరికథల ఆడియోలు అన్నీ అందులోనే ఉన్నాయి. నా పాత డెస్క్‌టాప్‌కు పెడితే లైటు వెలుగుతుంది, నాలుగైదు సార్లు టిక్కు టిక్కు అని ఊరుకుంటుంది. కంప్యూటర్లో కనిపించదు. షాపులో చూపిస్తే డిస్క్ పోయింది, డేటా తీయడానికి 12,000 రూపాయలు అవుతుందన్నారు. మనవడి ల్యాప్‌టాప్‌కు పెడితే మాత్రం చక్కగా తెరుచుకుంది. ఎవరిని నమ్మాలి?
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నరసరావుపేట

జవాబు: మాస్టారూ, మీ మనవడి ల్యాప్‌టాప్‌ను నమ్మండి. ఆ 12,000 బ్యాంకులోనే ఉండనివ్వండి.

పొలంలో బోరు మోటారు స్విచ్ వేయగానే షెడ్డులో బల్బు ఒక్క క్షణం మసకబారి మళ్లీ వెలగడం మీరు చూసే ఉంటారు. తిరుగుతున్న మోటారుకు కావలసిన కరెంటు వేరు, ఆగి ఉన్న మోటారును కదిలించడానికి కావలసిన కరెంటు వేరు. మీ డిస్కులోనూ ఒక బుల్లి మోటారు ఉంది. లోపలి పళ్లేలను నిమిషానికి 5,400 చుట్లు తిప్పడం దాని పని. వేగం అందుకున్నాక దానికి అర ఆంప్ అటూ ఇటుగా చాలు. మొదటి రెండు మూడు సెకన్లు మాత్రం ఒక ఆంప్ దాకా లాగుతుంది. అది అందకపోతే పళ్లెం వేగం అందుకోదు. చదవడానికి బయల్దేరిన హెడ్ దారి దొరక్క వెనక్కి పోతుంది, మళ్లీ బయల్దేరుతుంది. మీకు వినిపించిన టిక్కు అదే.

2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 లెక్క ప్రకారం ఒక పోర్టు 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంప్‌లు, అంటే అర ఆంప్, ఇస్తే దాని బాధ్యత తీరిపోయినట్టే. 2008లో వచ్చిన 3.0 దాన్ని 900కి పెంచింది. లోపల ప్లాస్టిక్ నాలుక నీలం రంగులో ఉంటే చాలావరకు అది 3.0 పోర్టు. మీ పాత డెస్క్‌టాప్‌లో అన్నీ నల్లవే అయి ఉంటాయి. మరి ఒక ఆంప్ అడిగే డిస్క్ ఇన్నాళ్లూ దానికి ఎలా నడిచిందంటారా? చాలా మదర్‌బోర్డుల్లో, అంటే కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ పలకల్లో, 500 దాటగానే టక్కున కట్టేసే ఏర్పాటు ఉండదు. రెండేసి పోర్టులకు కలిపి ఒక ఫ్యూజు ఉంటుంది, క్షణకాలం ఎక్కువ లాగితే అది చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. మన పల్లె బస్సులో కండక్టరు లాగా. ఆ సర్దుబాటు మీద నడిచిన బండి ఇప్పుడు ఎక్కడో తట్టుకుంది.

ఎక్కడో కూడా చెబుతాను. మీరు డిస్కును క్యాబినెట్ ముందు వైపు పోర్టుకు పెడుతున్నారు. ఉత్తరంలో రాయలేదు గానీ వెనక్కి వంగి పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు, నాకూ ఉండదు. ముందు పోర్టులు బోర్డు మీద ఉండవు. సన్నటి వైర్లతో లాక్కొచ్చి అక్కడ బిగిస్తారు. చవక క్యాబినెట్లలో ఆ వైరు దారం కన్నా కాస్త లావు, అంతే. ఏళ్ల తరబడి గుచ్చి పీకి పోర్టు వదులైపోతుంది. తుప్పు సంగతి సరేసరి. మొన్న నా బల్ల మీద ఇలాంటిదే ఒక పాత సిస్టమ్‌కు వోల్టులు చూపించే చిన్న యూఎస్‌బీ టెస్టర్ పెట్టి చూశాను. అదే డిస్క్, అదే కేబుల్. వెనక పోర్టులో మోటారు కదిలే క్షణంలో 4.9 దగ్గర నిలబడింది. ముందు పోర్టులో 4.4 కిందికి దిగిపోయింది. డిస్క్ ఆకలితో కొట్టుకుంటోంది, షాపు వాళ్లేమో దాన్ని ఐసీయూలో పెడతామంటున్నారు.

వెనక పోర్టుకు పెట్టండి. దాని పక్క పోర్టులో ఇంకేమీ ఉంచకండి. డిస్కుతో వచ్చిన పొట్టి కేబులే వాడండి. ఫోన్ చార్జింగ్ కేబుల్, బల్ల చుట్టూ తిప్పుకోవడానికి కొన్న మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్, రెండూ వద్దు. వైరు పొడవైన కొద్దీ, సన్నబడిన కొద్దీ దారిలోనే వోల్టులు తరిగిపోతాయి. అప్పటికీ కదలకపోతే రెండు తలల కేబుల్ అని ఒకటి దొరుకుతుంది. ఒక తలలో డేటా, కరెంటు రెండూ వస్తాయి, రెండో తల కేవలం కరెంటు కోసం. యూఎస్‌బీ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. కానీ పాత సిస్టమ్‌లకు అది ఎన్నోసార్లు పనికొచ్చింది కాబట్టి నేను ఒప్పుకుంటాను. రెండు తలలూ అదే కంప్యూటర్ వెనకే పెట్టండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇదే టిక్కు చప్పుడు రేపు మనవడి ల్యాప్‌టాప్‌లోనూ, పొట్టి కేబుల్‌తోనూ వస్తే అప్పుడు నిజంగానే డిస్కుకు జబ్బు చేసినట్టు. అప్పుడు మళ్లీ మళ్లీ పెట్టి చూడకండి, చూసిన కొద్దీ పాడవుతుంది. ఇప్పుడు తెరుచుకుంటోంది కదా, ఈ రోజే ఆ హరికథలు ఇంకోచోటికి ఎక్కించేయండి.

ప్రశ్న: అన్నా, నాది పెళ్లి వీడియోల మిక్సింగ్ పని. చిన్న డ్రైవ్‌లు నాలుగు ఒకే హబ్‌కు (ఒక యూఎస్‌బీ పోర్టును నాలుగైదు చేసే డబ్బా) పెట్టి సిస్టమ్‌కు కలిపాను. రెండుంటే బాగానే నడుస్తాయి. మూడోది పెట్టగానే కాపీ మధ్యలో ఆగిపోయి అన్నీ ఒకేసారి మాయమవుతాయి. చార్జర్ ఉన్న హబ్ కొన్నా అదే కథ. ఆ చార్జర్ మీద 5 వోల్టులు, 1 ఆంప్ అని ఉంది. ఇంకో విచిత్రం, గోడ మీద సిస్టమ్ స్విచ్ కట్టేసినా కీబోర్డు లైటు వెలుగుతూనే ఉంటుంది. దెయ్యమా?
మిక్సింగ్ స్టూడియో యజమాని, కరీంనగర్

జవాబు: దెయ్యమే తమ్ముడూ. నువ్వే డబ్బులిచ్చి తెచ్చుకున్నావు.

ముందు కీబోర్డు లైటు సంగతి. సిస్టమ్‌కు గోడ నుంచి కరెంటు లేదు, అయినా లైటు వెలుగుతోందంటే కరెంటు ఎక్కడి నుంచో రావాలి కదా. హబ్ చార్జర్ నుంచి వస్తోంది. హబ్ తన కరెంటును డ్రైవ్‌ల వైపు పంపాలి గానీ కంప్యూటర్ వైపు ఎదురెక్కనివ్వకూడదు. దానికి లోపల ఒక అడ్డు ఉండాలి. చవక హబ్‌లలో ఆ అడ్డు ఉండదు, ఆ నాలుగు రూపాయలు మిగుల్చుకుంటారు. ఎదురెక్కిన కరెంటు బోర్డులోకి పోయి కీబోర్డు దాకా వచ్చింది. కొన్ని సిస్టమ్‌లు ఇలాంటప్పుడు ఆన్ చేస్తే మొండికేస్తాయి, ఫ్యాను ఒకసారి కదిలి ఆగిపోతుంది. బోర్డుకూ మంచిది కాదు. ఆ హబ్‌ను తీసేయి, ఇంకెవరికీ ఇవ్వకు.

ఇక డ్రైవ్‌లు మాయమయ్యే సంగతి. చార్జర్ లేని 3.0 హబ్ ఎన్ని పోర్టులున్నా కంప్యూటర్ ఇచ్చే ఆ 900 మిల్లీ ఆంప్‌లనే పంచాలి. నీ రెండో హబ్ ఒక ఆంప్ చార్జర్‌తో వచ్చింది, అంటే పెద్దగా తేడా లేదు. మూడో డ్రైవ్ మోటారు లేవగానే వోల్టేజీ కూలుతుంది, హబ్ చిప్పే తిరిగి మొదలవుతుంది, దాంతో మొదటి రెండూ కూడా ఊడిపోతాయి. అందుకే అన్నీ ఒకేసారి పోతున్నాయి. కాపీ అవుతున్న ఫైలు సగంలో తెగుతుంది, అదృష్టం బాగోలేకపోతే డ్రైవ్ ఫార్మాట్ చేయమని అడుగుతుంది. ముహూర్తం షాట్ మళ్లీ తీయలేం కదా.

నాలుగు చిన్న డ్రైవ్‌లకు 5 వోల్టుల దగ్గర 4 ఆంప్‌లు ఇవ్వగల చార్జర్ కావాలి. మంచి హబ్‌లు కొన్ని 12 వోల్టుల చార్జర్‌తో వచ్చి లోపల 5కి దించుకుంటాయి, అవీ మంచివే. డబ్బా మీద పోర్టులు లెక్కపెట్టవద్దు, చార్జర్ మీద ఆంప్‌లు చదువు. షాపులో చార్జర్ బయటికి తీసి చూపించకపోతే కొనవద్దు. పళ్లేలకు బదులు చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలు కొంటే ఈ గొడవే ఉండదని ఎవరైనా అనొచ్చు. వాటిలో మోటారు లేని మాట నిజమే. కానీ వాటిలోనే డబ్బాలో పెట్టి వాడే, ఎన్‌వీఎంఈ అనే బాగా వేగమైన రకాలు పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు చిన్న హార్డ్ డిస్క్ కన్నా ఎక్కువే లాగుతాయి. హబ్ మీద వాటినీ నమ్మవద్దు.

నన్నడిగితే నీ పనికి హబ్ అనే మాటే వద్దు. 3.5 అంగుళాల పెద్ద డ్రైవ్‌లు రెండు క్యాబినెట్ లోపలే బిగించుకో, ఎస్‌ఎంపీఎస్ నుంచి, అంటే క్యాబినెట్ లోపలి కరెంటు పెట్టె నుంచి, నేరుగా 12 వోల్టులు, 5 వోల్టులు రెండూ అందుతాయి. డ్రైవ్‌కు కరెంటు ఇచ్చే సాటా పవర్ కేబుల్ తక్కువైందని పాత నాలుగు పిన్నుల మోలెక్స్ ప్లగ్గు నుంచి సాటాకు మార్చే ముక్క కొంటావేమో, జాగ్రత్త. ప్లాస్టిక్ కరిగించి ఒకే దిమ్మలా పోసినవి వద్దు. వాటిలో వైర్లు లోపల ఒకదానికొకటి తగిలి కాలిపోయినవి నేను స్వయంగా చూశాను. వైర్లు ఒక్కొక్కటి విడిగా కనబడుతూ బిగించినవి తీసుకో.

ఎక్స్‌టర్నల్ పెట్టె విప్పి లోపలి డ్రైవ్‌ను క్యాబినెట్‌లో పెట్టే ఆలోచన ఉంటే ఇంకో మెలిక ఉంది. కొన్ని కొత్త డ్రైవ్‌లు సాటా పవర్ మూడో పిన్ను మీద 3.3 వోల్టులు కనిపిస్తే దాన్ని 'పడుకో' అన్న ఆజ్ఞగా తీసుకుంటాయి. పాత ఎస్‌ఎంపీఎస్‌లు ఆ పిన్ను మీద ఎప్పుడూ 3.3 పంపుతూనే ఉంటాయి. డ్రైవ్ కదలదు, నువ్వేమో చచ్చిందనుకుంటావు. ఆ పిన్ను మీద కరెంటు పారనివ్వని సన్నటి కాప్టన్ టేపు ముక్క అంటిస్తే లేచి కూర్చుంటుంది.

ప్రశ్న: మాది 4 టీబీ పెద్ద డ్రైవ్, దానికి విడిగా అడాప్టర్ ఉండేది. ఇల్లు మారినప్పుడు అడాప్టర్ ఎక్కడో పోయింది. మా వారి పాత ల్యాప్‌టాప్ చార్జర్ పిన్ను అందులో సరిగ్గా దూరుతోంది. వాడొచ్చా?
గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, దూర్చి చూసి ఆగారా, స్విచ్ కూడా వేశారా? వేయకపోతే ఆ చార్జర్‌ను వేరే గదిలో పెట్టి వచ్చి ఈ జవాబు చదవండి.

ఇది నేను చేసిన తప్పే. 2011లో ఒకాయన తన పాప మొదటి పుట్టినరోజు వీడియోలున్న డ్రైవ్ తెచ్చి ఇచ్చాడు, వేరే చిన్న పని కోసం. నా బల్ల మీద అరడజను నల్ల అడాప్టర్లు పాముల్లా చుట్టుకుని ఉండేవి. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ చేతికందింది గుచ్చాను. అది 19 వోల్టుల ల్యాప్‌టాప్ చార్జర్, డ్రైవ్‌ది 12. పిన్ను సైజు మాత్రం ఒకటే. చిటుక్ అని చిన్న చప్పుడు, తర్వాత ఆ వాసన. రిపేరు పని చేసేవాళ్లకు ఆ వాసన ఒకసారి తెలిస్తే జన్మలో మర్చిపోరు. ఆయన ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాడు.

పెట్టెలోని బోర్డు మాడిపోయింది. డ్రైవ్ మాత్రం బతికింది. డ్రైవ్ సర్క్యూట్ మీద వోల్టేజీ హద్దు దాటితే తాను అడ్డం పడి షార్ట్ అయిపోయే చిన్న డయోడ్ ఒకటి ఉంటుంది. ఆ రోజు అది ప్రాణం ఇచ్చి మిగతా సర్క్యూట్‌ను కాపాడింది. దాన్ని తీసేసి, సరైన 12 వోల్టులు ఇచ్చి, డేటా మొత్తం కొత్త డ్రైవ్‌కు ఎక్కించి, జరిగింది చెప్పి, ఆ కొత్త డ్రైవ్ ఆయనకే ఇచ్చాను. వారం సంపాదన పోయింది. ఆయన తర్వాత కూడా నా దగ్గరికే వచ్చాడు, అది నా అదృష్టం. అన్నిసార్లూ ఆ డయోడ్ కాపాడుతుందని లేదమ్మా. కొన్నిసార్లు డ్రైవ్ బోర్డు మొత్తం పోతుంది.

ఇప్పుడు మీకు కావలసింది. డ్రైవ్ వెనకో కిందో ఉన్న స్టిక్కర్ చదవండి. 3.5 అంగుళాల డ్రైవ్ కాబట్టి 12 వోల్టులు అని ఉండాలి, పక్కన 1.5 ఆంప్‌లో 2 ఆంప్‌లో ఉంటుంది. వోల్టులు అచ్చంగా అంతే ఉండాలి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ఆంప్‌లు మాత్రం అంతకన్నా ఎక్కువైనా పరవాలేదు, ఎందుకంటే డ్రైవ్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. ఇంటికి పది బిందెల నీళ్లొచ్చే కుళాయి ఉందని పది బిందెలూ తాగం కదా. మూడోది, పిన్ను గుర్తు. అడాప్టర్ మీద ఒక చుక్క చుట్టూ అర్ధచంద్రం బొమ్మ, అటొక ప్లస్, ఇటొక మైనస్ ఉంటాయి. చుక్కకు ప్లస్ కలిసి ఉందో, మైనస్ కలిసి ఉందో డ్రైవ్ మీది బొమ్మతో పోల్చుకోండి.

మీ ఇంట్లో టీవీ సెట్‌టాప్ బాక్స్ పాతది ఉంటే దాని అడాప్టర్ చాలాసార్లు 12 వోల్టులే ఉంటుంది. 2 ఆంప్‌లు ఉంటే హాయిగా వాడుకోవచ్చు. వైఫై డబ్బాకు వచ్చేవి 9 వోల్టులవీ ఉంటాయి, 12 వోల్టులే అయినా 1 ఆంప్‌వీ ఉంటాయి. ఆ 1 ఆంప్ అడాప్టర్‌తో పెద్ద డ్రైవ్ లేవడానికి ప్రయత్నించి పడిపోతుంది, లేస్తుంది, పడుతుంది. మాస్టారి డిస్క్ కథే మళ్లీ. కొత్త అడాప్టర్ దొరికాక దాని మీద డ్రైవ్ పేరు రాసిన కాగితం ముక్క అతికించండి. మా ఇంట్లో ఇప్పుడు అన్ని అడాప్టర్లకూ పేర్లు ఉన్నాయి, పిల్లలకు పెట్టినట్టు.

ప్రశ్న: మా ఆన్‌లైన్ సర్వీస్ సెంటర్‌లో సిస్టమ్‌కు యూపీఎస్ ఉంది. కరెంటు పోయినా సిస్టమ్ ఆగదు. కానీ కరెంటు పోయిన ప్రతిసారీ బ్యాకప్ డ్రైవ్ కనిపించకుండా పోతుంది, రెండుసార్లు ఫైళ్లు పాడయ్యాయి. యూపీఎస్ మార్చాలా?
నిర్వాహకుడు, మధిర

జవాబు: యూపీఎస్ మార్చవద్దు, ప్లగ్గు మార్చండి. డ్రైవ్ అడాప్టర్ ఎక్కడ పెట్టారో వంగి చూడండి. గోడ బోర్డులోనో, గోడకు పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సులోనో ఉంటుంది. నేను చూసిన పది చోట్ల ఎనిమిదింట్లో ఇంతే. యూపీఎస్ వెనక సీపీయూ, మానిటర్ పెట్టేసరికి చేతిలోని త్రీ పిన్‌లు అయిపోతాయి, డ్రైవ్ అడాప్టర్ రెండు పిన్నులదే కదా అని గోడకు పోతుంది. కరెంటు పోగానే సిస్టమ్ నిక్షేపంగా ఉంటుంది, డ్రైవ్ మాత్రం రాస్తూ రాస్తూ ఆగిపోతుంది. అసలు యూపీఎస్ లేకుండా రెండూ కలిసి ఆగిపోయినా కాస్త నయం, ఇక్కడ కంప్యూటరేమో ఆగిపోయిన డ్రైవ్‌కు రాస్తూనే ఉంటుంది.

మామూలు 600 వీఏ యూపీఎస్‌కు ఇది బరువు కానే కాదు. 12 వోల్టులు, 2 ఆంప్‌లు అంటే మొత్తం 24 వాట్లు, అదీ లేచేటప్పుడే. తిరుగుతున్నప్పుడు పది లోపే. యూపీఎస్ వెనక ప్లగ్గుల్లో కొన్నింటికి బ్యాటరీ ఉండదు, అవి కరెంటు హెచ్చుతగ్గుల రక్షణకు మాత్రమే. పక్కన రాసి ఉంటుంది, చదివి పెట్టండి. బ్యాటరీ ఉన్న ప్లగ్గులో లేజర్ ప్రింటర్ పెట్టి ఉంటే ముందు దాన్ని బయటికి లాగండి. అది వేడెక్కే క్షణంలో లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ కూలబడుతుంది. కరెంటు పోయినప్పుడు రసీదు ప్రింటు ఇవ్వలేకపోతే జనం పది నిమిషాలు ఆగుతారు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకు అని ఇంకో ముగ్గురు అడిగారు. ఇన్వర్టర్ వెనకో ముందో ఒక చిన్న మీట ఉంటుంది, యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని. కంప్యూటర్ ఉన్న ఇంట్లో అది యూపీఎస్ మోడ్‌లో ఉండాలి, అప్పుడే మారడం త్వరగా జరుగుతుంది. మామూలు మోడ్‌లో ఫ్యానుకు తెలియని ఆ రెప్పపాటు డ్రైవ్‌కు తెలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీ నుంచి వస్తూ ఒక పెద్ద డ్రైవ్, దాంతోపాటు ఆరు ప్లగ్గుల పవర్ స్ట్రిప్ తెచ్చింది. చిన్న కన్వర్టర్ ముక్క పెట్టి ఇక్కడ వాడొచ్చా?
పాఠకుడు, గుంటూరు

జవాబు: డ్రైవ్ సరే, స్ట్రిప్ వద్దు. అక్కడ గోడలో 120 వోల్టులు, ఇక్కడ 230. డ్రైవ్ అడాప్టర్ మీద ఇన్‌పుట్ అన్న చోట 100-240 అని ఉంటే అది రెండు దేశాల్లోనూ పనిచేస్తుంది, మీకు కావలసింది పిన్నుల ఆకారం మార్చే ముక్క మాత్రమే. ఈ రోజుల్లో వచ్చేవి దాదాపు అన్నీ ఇలాంటివే. ఇటుక లాగా బరువుగా ఉండే పాత రకం అడాప్టర్ మీద ఒక్క 120 అని మాత్రమే ఉంటే దాన్ని ఇక్కడ గోడలో పెట్టకండి, నిమిషాల్లో పొగ వస్తుంది.

పవర్ స్ట్రిప్ సంగతి చాలామందికి తెలియదు. సర్జ్ ప్రొటెక్టర్ అని రాసి ఉంటే అందులో ఎక్కువ వోల్టేజీని అడ్డుకునే ఒక బిళ్ల ఉంటుంది. దాన్ని అమెరికా 120 వోల్టులకు సరిపోయేలా పెడతారు. మన 230 తగలగానే ఆ బిళ్లకు అది నిత్యం పిడుగు పడుతున్నట్టే. ఢామ్మని పేలుతుంది, కొన్నిసార్లు అంటుకుంటుంది. విదేశాల నుంచి ప్రేమగా తెచ్చే వస్తువుల్లో నేను మొహమాటం లేకుండా వద్దనేది ఇదొక్కటే. అమ్మాయికి చెప్పకపోయినా పరవాలేదు, తిరిగి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టి పంపించండి.

ప్రశ్న: డ్రైవ్ ఇనుప పెట్టె మీద చేయి వేస్తే జివ్వుమంటోంది. డ్రైవ్ మార్చమంటారా?
విద్యార్థి, జగిత్యాల

జవాబు: డ్రైవ్‌ది ఏ పాపం లేదు నాయనా. క్యాబినెట్ మీద ఏదైనా స్క్రూకు కూడా చేయి తాకించి చూడు, అక్కడా జివ్వుమంటుంది. మీ ఇంటి ప్లగ్గులో ఎర్తింగ్ లేదు, లేదా త్రీ పిన్ ప్లగ్గును టూ పిన్‌గా మార్చే ముక్క పెట్టారు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు గోలను వడకట్టే చిన్న కెపాసిటర్లు రెండు ఉంటాయి, అవి మిగులు కరెంటును ఎర్త్‌లోకి పంపాలి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మొత్తం 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటోంది. అదే క్యాబినెట్‌కు, టీవీకి కలిసిన ఏ కేబుల్‌నైనా ఆన్‌లో ఉండగా గుచ్చితే ఆ తేడా పోర్టు మీద పడుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగ్ వేయించమని ఇంట్లో చెప్పు. హాస్టలైతే ఎర్త్ ఉన్న ప్లగ్గు వెతుక్కో.

ప్రశ్న: డ్రైవ్ పెట్టి ఒక అరగంట వదిలేస్తే కనిపించకుండా పోతుంది, పీకి పెడితే వస్తుంది. పోర్టు పోయిందా?
ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగిని, కూకట్‌పల్లి

జవాబు: అరగంట సరిగ్గా నడిచి, ఖాళీగా ఉన్నప్పుడే పోతోందంటే కరెంటు చాలక కాదు, విండోస్ పొదుపు చేస్తోంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అన్న చోట టిక్ తీసేయండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఉంటుంది, అదీ ఆపండి. డెస్క్‌టాప్‌లో ఈ ఆదా వల్ల మీ కరెంటు బిల్లులో కనిపించేంత మిగలదు. ఆ తర్వాత కూడా పోతుంటే, అప్పుడు కేబుల్ మార్చి చూసి మళ్లీ రాయండి.

ప్రశ్న: బ్యాకప్ డ్రైవ్‌ను ఎప్పుడూ సిస్టమ్‌కు తగిలించే ఉంచొచ్చా?
పాఠకుడు, అమలాపురం

జవాబు: అవసరం లేదు. పని అయ్యాక సురక్షితంగా తీసే బొమ్మ నొక్కి, మోటారు తిరుగుడు చేతికి తెలియకుండా ఆగేదాకా పది సెకన్లు ఆగి, అప్పుడు తీయండి. తిరుగుతున్న డ్రైవ్‌ను ఎత్తి పక్కకు పెట్టకండి. మీది కోనసీమ కాబట్టి ఇంకొకటి. ఉరుము వినిపిస్తే కరెంటు ప్లగ్గు ఒక్కటే పీకి ఊరుకోకండి, యూఎస్‌బీ కేబుల్ కూడా పీకండి. బ్రాడ్‌బ్యాండ్ వైరు మీదుగా వైఫై డబ్బాలోకి, అక్కడి నుంచి నెట్ కేబుల్ మీదుగా బోర్డులోకి, బోర్డు నుంచి డ్రైవ్‌లోకి వచ్చిన పిడుగు దెబ్బలు ఈ వానాకాలం ఇప్పటికే నా బల్ల మీదికి మూడు వచ్చాయి. మూడింటికీ అడాప్టర్లు గోడ నుంచి పీకే ఉన్నాయి.